వానను వెంటేసుకొచ్చిన రెండు సీట్ల కారు

మా నాయన పశువుల డాక్టరు. అరవైల మొదట్లో, కోలారు బంగారు గనుల్లో పని ముగించుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పాత రేసు కారు కొన్నాడు. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. లారీలోంచి దాన్ని దింపుతుంటే అమ్మ నిలదీసింది.

"ఇంట్లో ఐదు మందిమి ఉండాము. రెండు సీట్లేంది?"

"నేను ఊర్లు తిరిగేదానికి లే," అన్నాడు నాయన.

అప్పుడే నా బి.ఏ. పరీక్షలు అయిపోయాయి. ఆ వేసవంతా నేనూ, నాయనా, లారీలు బాగుచేసే మేస్త్రీ ఆ కారు మీదే పడ్డాం. అనంతపురం ఎండకు ఇంజను ఉడికిపోకుండా జీపు రేడియేటరు బిగించాం. బండి బాటల్లో రాళ్ళు తగలకుండా కారును ఎత్తు పెంచాం. చేత్తో తిప్పే హ్యాండిలు తీసేసి సెల్ఫ్ స్టార్టరు పెట్టాం. దాని వైర్లు కలిపింది నేనే. మీట నొక్కగానే ఇంజను గర్జించింది. "షాబాష్ బేటీ!" అని మేస్త్రీ అరిచాడు. ఆ పూట నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

టార్పాలిన్ టాపు ఇంకా కుట్టించనే లేదు. ఇంతలో శింగనమల దగ్గర ఒక ఊళ్ళో ఎద్దుకు జబ్బు చేసిందని కబురొచ్చింది. నాయన పక్కన కూర్చున్నాడు, నేను తోలాను. ఊరు కనబడేసరికి మబ్బు కమ్మి, ఆ యేడు మొదటి వాన కుమ్మేసింది. నాయన గొడుగు తెరిస్తే గాలి లాక్కుపోయింది. సీట్లలో నీళ్ళు నిలిచాయి. నవ్వు ఆపుకోలేక నా చేతిలో స్టీరింగు నిలవడంలేదు. జనం తడుస్తూనే పరుగెత్తుకొచ్చి కారును చుట్టుముట్టారు.

"ఏమప్పా డాక్టరూ, యాడ దొరికింది ఈ బండి? వానను ఎంటేసుకొచ్చినావే!"

ఎద్దు కోలుకుంది. కారు వాన తెస్తుందన్న పేరు మాత్రం ఊరూరా పాకింది. కొన్నాళ్ళకు కంబదూరు వైపు రైతులు మా ఇంటికొచ్చారు.

"మా ఊరికీ ఒకసారి తోలుకొని రా సామీ. టాపు మాత్రం ఎయ్యొద్దు."

అప్పటికి కుట్టించిన టాపును విప్పి ఇంట్లో పెట్టి, ఆ ఊరి ఆవుల్ని కూడా చూసినట్టుంటుందని వెళ్ళాం. ఆడవాళ్ళు కారు ముక్కుకు పసుపు పూశారు. అందరం ఆకాశం వైపే చూస్తూ నిలబడ్డాం. చుక్క రాలలేదు. చివరికి ఒక ముసలమ్మ విసుగెత్తి కారులో నాయన సీట్లోకి ఎక్కేసింది.

"రాకపోతే పాయ. నన్నొక సుట్టు తిప్పు పాపా."

తిప్పాను. దుమ్ము మా వెనకాలే లేస్తోంది. ఆమె కొంగు ఎగిరి నా మొహాన కొడుతోంది.

"ఇంగా బిరీన పోనీ!" అని నా చెవిలో అరిచింది ముసలమ్మ.