జాయింట్లు ఆరేదాకా ఆగిన పెద్దమ్మ

పోయిన నెల ఒక మంగళవారం, మదనపల్లెలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుండగా పుంగనూరు నుంచి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది పాపా. టీ తాగి గ్లాసు కింద పెట్టినాది. అట్లే గోడకు వాలిపోయినాది. ఆస్పత్రికి పోయే టైము కూడా ఇయ్యలేదు" అన్నాడు. చేతిలో ఉన్న క్యారియర్‌ను ఎక్కడ పెట్టానో ఆ రోజంతా నాకు గుర్తు రాలేదు.

పెద్దమ్మ చేసిన పని గురించి చెబితే అదీ ఒక పనేనా అంటారు కొందరు. ఇళ్ళలో టైల్స్ పరిచాక వాటి మధ్య జాయింట్లు అనే సన్నని సందులు గీతల్లా మిగులుతాయి. వాటిలో గ్రౌట్ అనే సిమెంటులాంటి పొడిని నీళ్ళతో కలిపి నింపుతారు. అది బాగా ఆరాక, సీలర్ అనే నీళ్ళలాంటి మందును బ్రష్‌తో పూస్తారు. అప్పుడిక పసుపు, నూనె, మురికినీళ్ళు లోపలికి ఇంకవు. ఇంటికొచ్చినవాళ్ళు టైల్స్‌ను మెచ్చుకుంటారు గానీ ఆ గీతల్ని ఎవరూ చూడరు. పెద్దమ్మ ఇరవై ఏళ్ళు ఆ గీతల మీదే బతికింది.

ఆమెది రామకుప్పం పక్క పల్లె. కోతకొచ్చిన రాగి చేనును వరసగా రెండేళ్ళు ఏనుగులు తొక్కేస్తే, పెదనాన్నతో కలిసి పుంగనూరు వచ్చి ఇళ్ళు కట్టే పనుల్లో చేరింది. మొదట ఇసుక మోసింది. జాయింట్లు నింపడం విసుగు పని కాబట్టి టైల్స్ మేస్త్రి దాన్ని ఆమెకు అంటగట్టాడు. ఆమెకు విసుగనిపించలేదు. చెంప నేలకు ఆనించి, కిటికీ వెలుతురులో గీత ఎక్కడ పల్లమైందో చూసేది. సీలర్ ఆరాక అక్కడక్కడా నీటి చుక్క వేసి కూర్చునేది. చుక్క ఇంకితే ఇంకో పూత వేసేది. పని ముగించి పోయేటప్పుడు ఇంటివాళ్ళకు ఒకే మాట చెప్పేది: "ఆసిడ్ పొయ్యొద్దమ్మా. తెల్లగా అవుతాదని పోస్తారు, అది జాయింటునే తినేస్తాది. సబ్బునీళ్ళు సాలు."

సిమెంటుకూ గ్రౌట్‌కూ ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషను ఆమె వేలిని గుర్తుపట్టేది కాదు. "నా గీతలు నా కాడ లేవు, జనాల ఇండ్లల్లో ఉండాయి" అని నవ్వేది.

నేను డిగ్రీ చదువుతూ ఆమె ఇంట్లో ఉన్నప్పుడు జరిగిందొకటి చెప్పాలి. పుంగనూరులో పాల వ్యాపారం చేసే ఒకావిడ ఇల్లు కట్టుకుంది. మేస్త్రి మొదటిసారి సీలర్ పని మొత్తం పెద్దమ్మకు అప్పగించాడు. ముసురు పట్టి జాయింట్లు ఇంకా ఆరలేదని ఆమె అంది. గృహప్రవేశం దగ్గర పడింది, పూసెయ్యమన్నాడు అతను. పని పోతుందన్న భయంతో పూసేసింది. లోపలి తడి బయటికి రాలేక, రెండు వారాల్లో గీతలన్నిటి మీదా తెల్ల మచ్చలు తేలాయి. టైల్స్ నాసిరకమని ఆ ఇంటావిడకు చెప్పిన మేస్త్రి, పెద్దమ్మను మాట్లాడకుండా ఉండమన్నాడు.

రెండు రోజులు ఆమె సరిగా అన్నం తినలేదు. మూడో రోజు ఆ ఇంటికి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను.

"అమ్మా, టైల్స్‌లో ఏ తప్పూ లేదు. తడి ఆరకముందే నేనే పూసినాను" అంది పెద్దమ్మ.

ఆవిడ వంగి నేల మీది మచ్చను వేలితో రుద్దింది. "మేస్త్రి అట్ల చెప్పలేదే. నువ్వు యాల చెప్తాండావు?"

"మీరు దినామూ తిరిగే నేల గదమ్మా. తెలిసీ ఊరకుంటే ఎట్ల?"

"ఇప్పుడేం చేస్తావు?"

"అంతా గీకి మళ్ళా నింపుతాను. ఒక్కో గదిలో సామాన్లు జరిపిస్తే సాలు."

పన్నెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని, టైల్ అంచు పగలకుండా పాత గ్రౌట్ గీకింది, మళ్ళీ నింపింది. ఆరేదాకా ఆగి సీలర్ పూసింది. సాయంత్రాలు వాచిన మోకాళ్ళకు వేడినీళ్ళ కాపడం పెట్టుకునేది. మేస్త్రి ఆమెను మళ్ళీ పిలవలేదు. కొన్ని నెలలు తిరిగి ఇసుక మోసింది. తర్వాత మదనపల్లెలో ఇల్లు కట్టుకుంటున్న తన చెల్లెలికి ఆ పాలావిడే చెప్పింది, "ఆమెను పిలువు. తప్పు జరిగితే ఆమే వచ్చి చెప్తాది" అని. ఆ ఇంటి నుంచి బి.కొత్తకోటకు, కుప్పానికి పిలుపులు వచ్చాయి. కుప్పంలో ఇద్దరు ఆడవాళ్ళకు పని నేర్పింది. అంత్యక్రియల రోజు వాళ్ళిద్దరూ పనిబట్టల్లోనే బస్సు దిగారు.

నిరుడు మదనపల్లెలో మేమూ చిన్న ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం కార్డులు పంచేశాక వాన పట్టుకుంది. పెద్దమ్మ వచ్చి, చేతి వెనకవైపు జాయింటుకు ఆనించి తల అడ్డంగా ఊపింది. అందరి ముందూ నేల బాగుండాలని నాకు ఆరాటం. "ఊరందరి ఇండ్లూ చేస్తావు. నా ఇంటికే నీకు సాకులు దొరికినాయా?" అన్నాను.

ఆమె కోపపడలేదు. "సల్లగా ఉండాది పాపా. లోపల ఇంకా నీళ్ళుండాయి. ఒకసారి భయపడి పూసినాను. ఇంక పూయను, నీకైనా సరే."

గృహప్రవేశం నాడు తనే టార్పాలిన్లు తెచ్చి గదుల్లో పరిచింది. వంట పెరట్లో పెట్టించింది. నేను ముఖం ముడుచుకునే తిరిగాను. ఆ మాటకు తప్పయిందని తర్వాత కూడా ఆమెతో అనలేదు. ఆమె పూసిన గీతలు ఈ రోజుకీ మరక అంటకుండా ఉన్నాయి. ఊడ్చేటప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చి చీపురు ఆపేస్తాను.

గృహప్రవేశమైన కొన్నాళ్ళకు, ఎండ కాశాక, ఒక ఆదివారం పెద్దమ్మ సీలర్ పూయడానికి వచ్చింది. మమ్మల్నందరినీ బయటికి పంపింది. లోపలి గది మూల నుంచి మొదలుపెట్టి, పూస్తూ, టైల్ మీద మిగిలిన మందును పొడిగుడ్డతో తుడుస్తూ, వెనక్కి జరుగుతూ మధ్యాహ్నానికి వీధి వాకిలి చేరింది. మేము జామచెట్టు కింద రాగిముద్ద తింటున్నాం. ఆమెకూ ప్లేటు ఇచ్చాను. మెట్టు మీద, వీపు మావైపు పెట్టి కూర్చుని, ఖాళీ ఇంట్లోకి చూస్తూ తినసాగింది. పక్కింటి పిల్లి గోడ దిగి వాకిలి వైపు వచ్చింది. అది తడి పూతను తొక్కకుండా, ఆమె తల తిప్పకుండానే ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. పిల్లి ఆ చేతిని వాసన చూసి, ఆమె పక్కనే మెట్టు మీద చేరి, అదీ ఇంట్లోకి చూస్తూ కూర్చుంది.