నల్లబడిన ముప్పై ఆరు చీటీలు

రెజిమెంటల్ బజార్‌లో హరికిషన్ బేకరీ వెనక ఇటుకలతో కట్టిన భట్టీ ఉంది, బ్రెడ్డు కాల్చే పెద్ద పొయ్యి. దాని ముందు ముప్పై ఒక్క ఏళ్లుగా నిలబడుతున్న మనిషి దేవసహాయం. డిసెంబరు వచ్చిందంటే చుట్టుపక్కల వాళ్లంతా ఇంట్లో కలిపిన కేకు పిండిని ట్రేలలో పోసుకుని ఆయన దగ్గరికి తెస్తారు. క్రైస్తవులే కాదు, అందరూ తెస్తారు. ఆ భట్టీలో వచ్చే రంగు ఇంట్లో రాదని వాళ్ల నమ్మకం. ట్రేకు పేరు చీటీ అంటించడం, లోపలికి తోయడం, కాలాక ఎవరిది వాళ్లకు అప్పగించడం, ఇదీ పద్ధతి.

ఈ సంగతంతా దేవసహాయమే నాకు చెప్పాడు. ఆయన దాటేసిన చోటల్లా భార్య ప్రేమమణి ఆపి సరిదిద్దింది.

మొన్నటి డిసెంబరులో ఆయనకు వచ్చిన కష్టం కేకులది కాదు. పండుగకు ముందు ఆదివారం దేవసహాయం సాక్ష్యం చెబుతాడని చర్చిలో పాస్టరయ్యగారు ప్రకటించేశారు. సాక్ష్యమంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో అందరి ముందు నిలబడి చెప్పడం.

"నా దగ్గర ఏమున్నది చెప్పనీకి? చచ్చి బతికినోళ్లు చెప్తరు. తాగుడు ఇడిచినోళ్లు చెప్తరు. నేను బ్రెడ్డు కాలుస్త," అన్నాడు నాతో. పైగా ఆదివారం పొద్దున బన్నుల పని ఉంటుంది. ఆరాధన సగమయ్యాక వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుంటాడు.

"కూసొని కునుకు తీస్తడు. అది సుత చెప్పు," అంది ప్రేమమణి.

శుక్రవారం నాడు బోయిగూడలోని వాళ్ల ఇంట్లో ఆయన అద్దం ముందు నిలబడి మొదలుపెట్టాడట. "ప్రియులారా, ఒకప్పుడు నేను పెద్ద తాగుబోతును..."

ప్రేమమణి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎప్పుడయ్యా? కల్లు దుకాణం ముందలికెల్లి పోతెనే ముక్కు మూసుకుంటవు!"

"ఏదో ఒకటి చెప్పాలె కద మణీ."

"చర్చిల నిలబడి అబద్ధమా?"

"పోనీ, పెద్ద రోగమొచ్చి బాగైనట్టు?"

"ఏం రోగం? జలుబా?"

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు కానీ ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు. ఇన్నేళ్లు దేవుణ్ని నమ్మానంటున్నాను, చెప్పడానికి ఒక్క ముక్క లేదంటే అసలు నమ్మానా అని లోపల దొలిచేసింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నానికి ముప్పై ఆరు ట్రేలు వచ్చాయి. హరికిషన్ ఆ రోజు మహా హుషారుగా ఉన్నాడు. కొత్త బిల్లు మిషను కొన్నాడు.

"దేవన్నా, ఇగ చేతిరాత చీటీలు బంద్! ఇగో, స్టిక్కర్! ఎట్లున్నది?"

"మస్తున్నది సేటూ."

నిజంగానే బాగున్నాయి, అచ్చు అక్షరాలు, ఒక్క పేరూ కొట్టివేత లేకుండా. దేవసహాయం ముందుగా వెనక వరస, తర్వాత దాని ముందు వరస, అలా వరసకు ఆరు చొప్పున ఆరు వరసలూ పొడుగాటి కర్ర పలకతో లోపలికి తోసి ఇనుప తలుపు మూశాడు.

ఆ కాగితం వేడి తగిలితే అక్షరం పడే రకం. ఒంటినిండా వేడి తగిలితే ఒళ్లంతా నల్లబడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ముప్పావు గంటకు తలుపు తీస్తే కేకులు బంగారంలా పొంగి ఉన్నాయి, స్టిక్కర్లు మాత్రం బొగ్గులా ఉన్నాయి. ఒక్క పేరు కూడా కనబడలేదు.

హరికిషన్ నెత్తి పట్టుకున్నాడు. "అయిపోయిన దేవన్నా! బయట లైను జూడు! ఒకరి కేకు ఒకరికిస్తే మా తాత కాలం సంది ఉన్న పేరు మట్టిల కలుస్తది!"

ఆలోచించడానికి టైము లేదు. ఇంకో అయిదు నిమిషాలైతే అన్నీ మాడతాయి.

"సేటూ, జెర సప్పుడు చెయ్యకు. కాయిదం పట్టు. రాయి," అని దేవసహాయం కళ్లు మూసుకున్నాడు.

"ఎనుక వరస. ఎడమకెల్లి మొదటిది ఝాన్సీలక్ష్మి సిస్టర్‌ది, మోకాలి ఆపరేషన్ మంచిగ కావాలె. రెండోది సదాశివ సార్‌ది, కొడుక్కు నౌకరి. మూడోది కల్పలతమ్మది, ఇంట్ల కొట్లాటలు తగ్గాలె..."

హరికిషన్ రాస్తూనే నోరు తెరిచాడు. "ఇవన్నీ ఏంది దేవన్నా?"

"నువ్వు పేర్లు రాయి!"

భట్టీ దగ్గర కొత్తలో ఆయనకు మంటంటే మహా భయం. కర్ర తోసేటప్పుడల్లా "ప్రభువా" అనేవాడు. కొన్నాళ్లకు భయం పోయింది, మాట ఉండిపోయింది. దానికి చీటీ మీది పేరు తోడైంది. ఆ ఇంటివాళ్లు ట్రే ఇస్తూ చెప్పుకున్న కష్టమో సుఖమో ఆ పేరు వెనకే వచ్చేది. తోసిన ప్రతి ట్రేకూ ఒక మాట. అది ప్రార్థన అని ఆయన ఏనాడూ అనుకోలేదు, పనిలో ఒక భాగమనుకున్నాడు.

అలా గడగడా చెప్పుకుంటూ వచ్చి చివరి వరసలో రెండు ట్రేల దగ్గర ఆగిపోయాడు.

"చెప్పు దేవన్నా! మాడుతున్నయి!"

"ఈ రెండూ... యాదికొస్తలేవు సేటూ." ఆయన కళ్లు తెరిచాడు. "అప్పుడే మా మణి ఫోన్ చేసింది, సాక్ష్యం తయారు చేసినవా అని. కోపంల ఊకెనే తోసేసిన."

ట్రేలన్నీ బయటికొచ్చాయి, ముప్పై నాలుగింటికి పేర్లు దొరికాయి. ఝాన్సీలక్ష్మి, మౌలాలి రైల్వే కాలనీలో ఉండే రిటైర్డు నర్సు, తన ట్రే అంచు తడిమి చూసింది. "నా సొట్ట ఇదే! మా మనవడు కిందేసిన సొట్ట!" ఒక్కొక్కరే గుర్తుపట్టారు. ఒక్కటీ తప్పలేదు.

మిగిలిన రెండూ బోయిగూడ సుమిత్రవీ, కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన యామినివీ. ఒకే కొట్లో కొన్న ట్రేలు, రంగులో కూడా తేడా లేదు. దేవసహాయం తలొంచుకుని జరిగింది చెప్పాడు.

యామిని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే ఊరందరి కోసం దేవుడికి దణ్ణం పెట్టి మా ఇద్దరి దగ్గరే ఎగ్గొట్టారా దేవసహాయం గారూ? ఇదేం న్యాయమండీ?"

"గట్ల అడుగు యామినీ," అంది సుమిత్ర. "ఇప్పుడు చెయ్యాలె. అందరికీ ఇనబడాలె. మా అమ్మ కంటి చూపు కోసం."

"మా పాప లెక్కల పుస్తకం తీస్తే ఏడుస్తోందండీ. అదీ కలపండి."

దేవసహాయం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పైకి ప్రార్థన చేయడం ఆయనకు అదే మొదలు. రెండే రెండు వాక్యాలు చెప్పాడు. తర్వాత రెండు కేకులనూ చెరిసగం కోసి సర్దారు.

అప్పుడు తట్టింది ఆయనకు. నడిచి వెళ్లే ఓపిక లేక ఆటో ఎక్కాడు. గుమ్మంలోంచే కేక వేశాడు. "మణీ! దొరికింది!"

"ఏంది, నిరుడు పోయిన గొడుగా?"

"సాక్ష్యం!"

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. కాగితం లేదు.

"నిన్న ముప్పై ఆరు ట్రేలు తోసిన. ముప్పై నాలుగు ఎవరివో చెప్పిన, రెండు చెప్పలేకపోయిన. ఆ రెండిటిని దేవునికి చూపియ్యకుండ తోసిన. గా రెండు తప్పినంకనే తెలిసింది నాకు, ముప్పై ఒక్క ఏండ్ల సంది ఆయన నా పక్కన భట్టీకాడ నిలబడుతున్నడని. నేనేమో ఆయన్ని ఈడనే దేవులాడుకుంట ఎనుక బెంచీల కునుకు తీసిన."

చర్చి అంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కిందికి దిగబోయాడు. సాక్ష్యం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పాస్టరయ్యగారు మైకు అందుకునేలోపే ముందు వరసలో ఝాన్సీలక్ష్మి కర్ర ఊతంగా లేచింది.

"దేవన్నా, ఆపరేషన్ జనవరి తొమ్మిదిన. ఆయనకు తారీఖు సుత చెప్పు."