మేష్టారి ఆఖరి బొమ్మ

మా తెలుగు మేష్టారు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు చీపురుపల్లిలోని తన ఇంట్లో చనిపోయారు. గుండె ఆగింది. ఆ రోజు ఏడింటికి మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టారు. దాని వెనక ఉన్న సూక్తి ఏమిటో చెప్పకుండానే పోయారు.

ఏడాదిగా సాగుతున్న ఆట అది. ఫోనులోని ఏఐకి మేష్టారు నోటితో ఒక మంచిమాట చెప్పేవారు. అది గీసిన బొమ్మ మాకు పెట్టేవారు. ఏ మాటకు ఆ బొమ్మ వచ్చిందో మేం కనిపెట్టాలి. సాయంత్రం ఆరింటికి జవాబు వచ్చేది. ఒకసారి పెద్ద నోట్లోకి ఊరు మొత్తం నడిచి వెళ్తున్న బొమ్మ వచ్చింది. పళ్ల డాక్టరు ప్రకటన అని రాశాను. 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అన్నది అసలు జవాబు. వెంటనే ఆయన గొంతు మెసేజి వచ్చింది: "ఒరే విలేకరీ, పేపర్లో కూడా ఇలాగే రాస్తన్నావేటి?"

మంగళవారం బొమ్మలో ఒక ముసలాయన మండుటెండలో చెక్కలతో, అట్టలతో రాజభవనం నిలబెడుతున్నాడు. పక్కన సినిమా కెమెరా ఉంది. భవనం నీడలో నలుగురు హాయిగా కూర్చున్నారు. ఆయన పోయిన కబురు తెలిసేలోపే గ్రూపులో పదిహేను ఊహలు వచ్చాయి. పేకమేడ అన్నారు, మాయాలోకం అన్నారు. సాయంత్రం ఆరింటి జవాబు మాత్రం రాలేదు. ఆయన ఫోను ఆయన వేలిముద్రతో తెరుచుకుంటుంది. లాక్ తీసే నంబరు ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడో రోజు నేనూ, ఆటో నడిపే నా క్లాస్‌మేటూ ఇంటికి వెళ్లాం. పెద్దకర్మ కార్డు మీద ఏ మాట వేయించాలన్నది మేష్టారి భార్య, మా అమ్మగారి దిగులు. ప్రెస్సువాళ్లు అందరికీ వేసే శ్లోకం ఆవిడకు వద్దు.

"ఆయన ఆఖరికి ఏటన్నారో అదే ఎయ్యాల. అది తెలీకుండా కార్డు పంచితే నా మనసొప్పదు బాబూ" అన్నారు.

అమ్మగారికి చూపు సరిగా ఆనదు. అందుకని నా క్లాస్‌మేట్ తన ఫోనులో ఆ బొమ్మ చూసి చెప్పాడు: "ఏటీ లేదమ్మా, ఒక ముసలాయన సెట్టు ఏస్తన్నాడు."

"సెట్టు ఏస్తన్నాడా? మరి మొక్కేదిరా?"

"మొక్క కాదమ్మా. సినిమా సెట్టు."

"సినిమా ఎందుకొస్తాది? బళ్లో మొక్కలు నాటించినప్పుడల్లా ఆయన అనేమాటే కదరా. సెట్టు ఏసినోడు నీడ అడగడు."

ఇద్దరం ఫోను వంక చూశాం. మేష్టారు మా వైపు యాసలో 'సెట్టు' అని చెప్పింది చెట్టు. ఏఐకి వినపడింది సినిమా సెట్టు.

నా క్లాస్‌మేట్ పగలబడి నవ్వాడు. "పదిహేనుమందిమి సదూకున్నోళ్లం. ఒక్కడికీ తట్టలేదు సూడమ్మా!" అన్నాడు. అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. అమ్మగారు కూడా నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలని లోపలి నుంచి కోడలు అంది.

మిగిలింది అక్షరం సంగతి. కార్డు మీద 'చ' ఉండాలా, 'స' ఉండాలా? ముప్పై ఏళ్లు ఆయన పిల్లల నోటుపుస్తకాల్లో 'స'లు కొట్టేసి 'చ'లు రాశారు. మాటల్లో మాత్రం ఎవరినీ దిద్దలేదు. "రాసినప్పుడు సరిగ్గా రాయండి. మాటాడినప్పుడు మీ యమ్మ మాటాడినట్టు మాటాడండి" అనేవారు. నేను 'చ' అన్నాను. నా క్లాస్‌మేట్ 'స' అన్నాడు.

"ఆయన రాసుంటే 'చ' ఎట్టండి. ఇది రాసింది కాదు కదా, అన్నది" అన్నారు అమ్మగారు. అంతటితో తేలిపోయింది.

ప్రెస్సువాళ్లు అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తారని ఆవిడ భయం. ఒక కాగితం మీద ఆ వాక్యం పెద్ద అక్షరాలతో తానే రాశారు. 'స' చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'ఇలాగే ఉండాలి' అని రాసిచ్చారు. కాగితం నా దగ్గరుంది. రేపు ఉదయం పదింటికి ప్రెస్సు తెరుస్తారు.