వీలునామాకి పసుపు

మా చెల్లెలికి చావు మాట ఇంట్లో వినపడకూడదు. వార్తల్లో ఎవరైనా పోతే రిమోట్ వెతికి మరీ టీవీ నోరు నొక్కేస్తుంది. అలాంటి మనిషి ముందు ఒక ఆదివారం ఇడ్లీ తింటూ వీలునామా రాయిస్తానన్నాను. గరిటె సింకులో పడేసి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

దేశ రాజధానిలో, వసంత్ కుంజ్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. కేంద్ర ప్రభుత్వ కొలువులో ఫైళ్ళ దుమ్ము పీల్చి, నా జీతంతో నేను కొనుక్కున్నది. మావారు పోయారు, పిల్లల్లేరు. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. కాకినాడలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయాక నా దగ్గరికి వచ్చేసింది. ఏళ్ళు గడిచినా ఇప్పటికీ "నీ ఇల్లు" అనే అంటుంది. తన పంచాంగం క్యాలెండరుకి హాల్లో మేకు కొట్టుకోమంటే, "నీ గోడ పాడవుతుందక్కా" అని ఫ్రిజ్‌కి ఆనించి పెడుతుంది. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అది నేలమీద పడుతుంది, నేను తిడతాను.

నా తర్వాత ఇల్లు దానిదేనని నాకు ధీమా. హౌసింగ్ సొసైటీ కాగితాల్లో నామినీగా దాని పేరు రాశాను కదా, ఇక వీలునామా ఉత్త లాంఛనం అనుకున్నాను. మార్కెట్లో మిఠాయి దుకాణం పైన కూర్చునే లాయరమ్మ ఆ ధీమాని టీ చల్లారేలోపు దించేసింది.

"నామినీ అంటే తాళంచెవి పట్టుకునే మనిషి, ఆంటీ. ఇంటి మాలిక్ కాదు," అంది హిందీలో.

వీలునామా లేకపోతే, పిల్లల్లేని వితంతువు సంపాదించుకున్న ఇల్లు ముందు భర్త తరఫు వాళ్ళకి పోతుందట. పుట్టింటివాళ్ళ వంతు ఆ తర్వాతేనట. నా ఒళ్ళు మండిపోయింది. ఈ చట్టం రాసిన పెద్దమనుషులు నా ఫ్లాటుని మా అత్తగారిచ్చిన ఇత్తడి బిందె అనుకున్నట్టున్నారు. భర్త తరఫు అంటే మిగిలింది మా మరిది ఒక్కడే. అన్నగారి దినానికి వచ్చి, గారెలు నములుతూ, బాల్కనీ పొడవు అడుగులేసి కొలిచిన మహానుభావుడు.

ఇంటికొచ్చి చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే ఆయన నన్ను వెళ్ళిపొమ్మంటాడా అక్కా?"

"వీలునామా లేకపోతే అనొచ్చు."

దాని మొహం చూసి నాకు భయమేసింది. ఈ వయసులో, గొంతు కూడా సరిగ్గా లేని మనిషి ఎక్కడికి పోతుంది? అది మాత్రం లేచి, నేలమీద పడున్న పంచాంగం తీసి, మంగళవారం వద్దు, బుధవారం రాహుకాలం దాటాక మంచిదని తేల్చింది. చావు మాటే గిట్టని మనిషి నా చావు కాగితానికి ముహూర్తం పెట్టింది.

బుధవారం కింది అంతస్తు డాక్టరుగారినీ ఆయన భార్యనీ సాక్షులుగా పిలిచి, లాయరమ్మ తయారుచేసిచ్చిన వీలునామా మీద వాళ్ళ ముందు సంతకం పెట్టాను, వాళ్ళూ పెట్టారు. మర్నాడు రిజిస్ట్రేషన్ సంగతి మాట్లాడదామని చెల్లెల్ని వెంటబెట్టుకుని, కవరు తీసుకెళ్ళి లాయరమ్మకిచ్చాను. ఆవిడ కాగితం బయటికి తీసి, కళ్ళజోడు సర్దుకుంది.

"యే క్యా హై?"

నాలుగు మూలలా పసుపు. నెత్తిన ఎర్ర సిరాతో గుండ్రంగా "శ్రీ". నేను చెల్లెలి వైపు చూశాను. అది చీర కొంగు వైపు చూసుకుంది.

"శుభమని రాశానక్కా. రాత్రి దేవుడి దగ్గర పెట్టి."

"ఇదేమన్నా శుభలేఖ అనుకున్నావుటే? ఎవర్ని పిలుస్తున్నాం, యముణ్ణా?"

లాయరమ్మకి ఈ సంబరం అర్థమయ్యేలా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సంతకాలయ్యాక కాగితం మీద ఎవరో చేత్తో రాశారు, ఆ రాసింది ఇల్లు పొందబోయే మనిషే, మీ మరిది వకీలు గొడవ పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి, అంది. చెల్లెలు కొంగుతో ఆ పసుపు తుడవబోయింది. తన ఇంటిని తనే పసుపు రాసి పోగొట్టుకున్నానని అనుకుంది పాపం. నాకు తిట్టబుద్ధి కాలేదు, కానీ తిట్టాను, లేకపోతే ఇద్దరం అక్కడే ఏడ్చేవాళ్ళం.

మళ్ళీ కొత్తగా టైపు చేయించాం. డాక్టరుగారు మళ్ళీ పైకొచ్చి, "మేడమ్, ఈసారి ఫైనలేనా?" అంటూ పెన్ను తీశారు. చెల్లెలు వంటింటి గడప దాటి ఇవతలికి రాలేదు. పసుపు డబ్బా నా ఒళ్ళో పెట్టుకుని సంతకం చేశాను. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

ఆ సాయంత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఇద్దరం ఆటోలో తిరిగొచ్చాం. ఇంటికొచ్చాక నేను కాళ్ళు చాపుకుని పడుకున్నాను. హాల్లోంచి ఠంగుమని చప్పుడు. లేచి వెళ్ళి చూస్తే, నేను ముచ్చటపడి రంగు వేయించుకున్న గోడకి, సరిగ్గా మధ్యలో, ఇంత లావు మేకు వంకరగా దిగి ఉంది. కింద పెచ్చు ఊడింది. చెల్లెలు కుర్చీ మీద నిలబడి ఉంది.

"నేనింకా పోలేదే," అన్నాను.

"తెలుసులే. ఆ క్యాలెండరు ఇలా అందివ్వు," అంది.