సుబేదార్ సాబ్ అడిగే ప్రశ్న

నవంబర్ మూడో వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు సరిహద్దు మీది సైనిక పోస్టుకు చేరాం. ఎనభైల తొలి ఏళ్లు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. నాలుగు బంకర్లు, పన్నెండు మంది మనుషులు. కింద బేస్‌కు దిగాలంటే మంచులో ఐదు గంటలు. నాకిచ్చిన స్లీపింగ్ బ్యాగు జిప్పు పడేది కాదు. స్టోరుకు మూడుసార్లు రాసిచ్చాను. మార్చి దాకా మార్చలేదు. మర్చిపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

నేను హవల్దార్‌ను. పదకొండేళ్ల సర్వీసు. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్, గఢ్వాల్ మనిషి. ఆయనకొక పద్ధతి ఉండేది. ఆర్డర్ ఇచ్చే మనిషి, అది ఎక్కడ తప్పు కావచ్చో ముందు తనే పైకి చెప్పాలి. తర్వాత అందరిలో జూనియర్ ఇంకో కారణం కలపాలి. అప్పుడే బయలుదేరాలి. "తప్పు ఎక్కడ కావచ్చు?" అని నన్ను కూడా కొత్త జవాన్ల ముందు నిలబెట్టి అడిగేవాడు. అది నాకు అవమానం. ఒకసారి గాలి బాగోలేదని వంటవాడు అంటే రేషన్ తేవడానికి దిగే పార్టీని ఆపేశాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. "చూశారా" అన్నాను. "అవును, నాదే తప్పేమో" అన్నాడు. అంతే.

రేడియో ఆపరేటర్ మా వైపు వాడే. నాది జహీరాబాద్, అతనిది మొగుడంపల్లి. చేరిన వారానికే, నేను రేడియోలో రిపోర్టు ఇచ్చే తీరును గొంతు మార్చి అనుకరించాడు. బంకరంతా నవ్వింది. సుబేదార్ కూడా నవ్వాడు.

ఫిబ్రవరిలో సుబేదార్‌ను బేస్‌కు పిలిచారు. ఐదు రోజులు పోస్టు నాది. మొదటి ఉదయమే ఆ ప్రశ్నల పద్ధతి ఆపించాను.

మూడో రోజు ఉదయం ఏడింటికి ఆపరేటర్ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, దమ్ము వస్తలేదు. పండుకుంటే ఇంకా ఎక్కువైతుంది."

"దగ్గు అందరికున్నది. డ్యూటీ చెయ్."

"నకరాలు కాదన్నా."

"నా లెక్క మాట్లాడేతందుకు దమ్ముండె. గిప్పుడు లేదా?"

అతను కొంచెం నవ్వాడు. "గది ఇంకా యాదికున్నదా అన్నా?"

వంటవాడు గుమ్మం దగ్గర నిలబడి, "సాబ్, రాత్రంతా కూర్చునే ఉన్నాడు" అన్నాడు. "నిన్నెవరు అడిగారు?" అన్నాను. సుబేదార్ ఉంటే ఆ మాటకు చోటు ఉండేది.

మధ్యాహ్నం పన్నెండుకు రేడియో. అవతల బేస్‌లో సుబేదార్. నేనే మాట్లాడాను. ఒకరికి దగ్గు, మిగతా అంతా బాగుందన్నాను.

"నీ అంచనాలో తప్పు ఎక్కడ కావచ్చు? ఓవర్."

"ఎక్కడా లేదు సాబ్. ఓవర్."

సెట్ ఆపేశాను.

మర్నాడు ఉదయం ఏడింటి రేడియో ఆపరేటర్‌నే చేయమన్నాను. స్విచ్ నొక్కాడు. మాట రాలేదు. కింద సుబేదార్‌కు వినిపించింది ఊపిరి మాత్రమే.

"ఎవరిదా ఊపిరి? హవల్దార్‌కు ఇవ్వు." నేను అందుకున్నాను. "వాచీ చూసి ఒక్క నిమిషం అతని ఊపిరి లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. నలభై రెండు. పెదవులు నీలంగా ఉన్నాయి. దగ్గితే గుడ్డకు గులాబీ రంగు నురగ అంటింది. ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గుర్తులవి.

"నా నిర్ణయమూ తప్పు కావచ్చు" అన్నాడు సుబేదార్. "మంచు మెత్తబడి జారే వేళకు మీరు వాలు మీద ఉంటారు. అందుకే తాళ్లు కట్టుకోండి, మనిషికీ మనిషికీ దూరం ఉంచండి. కానీ ఇప్పుడే దించు. డాక్టర్‌ను తీసుకుని నేను ఎదురొస్తాను."

ఏడూ యాభైకి బయలుదేరాం. స్ట్రెచర్‌కు ఆరుగురం. వాలు మీద మంచు జారలేదు. పదకొండూ ఇరవైకి ఆపరేటర్ ఊపిరి ఆగిపోయింది. డాక్టర్ మాకు ఎదురుపడింది పన్నెండు దాటాక.

విచారణ ఒక పూట జరిగింది. "పోస్టు వదిలి దిగింది నేను. హవల్దార్ మనసు నాకు తెలిసి ఉండాల్సింది" అని సుబేదార్ రాసిచ్చాడు. ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. నేను చెప్పాల్సిన మాట అక్కడ కూడా ఆయనే ముందు చెప్పేశాడు. నా తప్పేమీ లేదని తేల్చారు. బూట్ల మీద, ప్రమోషన్ మీద, పింఛను మీద జీవితమంతా అర్జీలు పెట్టినవాణ్ని. ఆ తీర్పు మీద పెట్టలేదు.

ఏప్రిల్‌లో సెలవు ఇచ్చారు. జహీరాబాద్‌లో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా మొగుడంపల్లి వెళ్లాను. ఆపరేటర్ తండ్రి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు.

"నువ్వు పక్కపొంటే ఉంటివి గద బిడ్డా. జర చెప్పు. తిప్పలైతుందని గిట్ల ఏమన్న అన్నడా?"

"లేదు పెద్దయ్యా. ఏమన్లే."

"మంచిగైంది. నా కొడుకు తిప్పల పడలే" అని లోపల ఉన్న భార్యకు వినిపించేలా మళ్లీ చెప్పాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

వాళ్లకు చెప్పాల్సింది ఇది. ఆ ఉదయం స్ట్రెచర్ సిద్ధం చేయమని బయట చెప్పి నేను మళ్లీ బంకర్‌లోకి వెళ్లాను. ఆపరేటర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోదాని లేసు ఒక రంధ్రంలో దూర్చి, ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో రంధ్రంలో దూరుస్తున్నాడు. మోసుకుపోతామని అతనికి ఎవరమూ చెప్పలేదు. నేను నడిపిస్తాననే అనుకున్నాడు.