సున్నం మీద బ్యాటు గీత

అజ్మతుల్లా ప్రొద్దుటూరులో లేడీస్ టైలరు. ఒకసారి కొలిచిన జాకెట్టుకు మళ్లీ టేపు పట్టడని పేరు. పొట్ట పెరిగి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారే ఈ మనిషి ఒకప్పుడు బేస్‌బాల్ ఆడాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆడాడు. ఊళ్లో పుట్టిన మొదటి జట్టులోనే. చేతి తొడుగులు కొనే దిక్కులేక, పాత ఆటో సీట్ల రెగ్జిన్‌లో దూది కూరి కుట్టింది కూడా అతనే.

జట్టు పెట్టింది వ్యాయామం మాస్టారు రామమోహన్. 2014లో ఏదో శిక్షణకు పోయి రెండు బ్యాట్లు, ఆరు బంతులతో తిరిగొచ్చాడు. ఏడాది తిరక్కుండా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూళ్లకూ మూడు జట్లు తయారయ్యాయి. అందరూ క్రికెట్ ఆడి పెరిగినవాళ్లే. చిక్కంతా అక్కడే. బేస్‌బాల్‌లో బంతిని కొట్టగానే బ్యాటు పారేసి పరుగెత్తాలి. వీళ్లకు చెయ్యి వదలదు.

"బ్యాటు పారేయప్పా! అదేమన్నా నీ పెండ్లామా, చంకన పెట్టుకోని పోతాండావు?" అని సారు గొంతు పోయేలా అరిచేవాడు. అందరూ పడిపడి నవ్వేవాళ్లు. మళ్లీ బ్యాటుతోనే పరుగెత్తేవాళ్లు.

మరుసటేడు జమ్మలమడుగులో ఫైనలు, పులివెందులతో. మూడు బేసులకు ఇసుక సంచులు పెట్టారు. నాలుగోదానికి, అంటే పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటుకు, సంచి లేక నేల మీద సున్నం పొడి మందంగా పరిచారు. అంపైరు వైష్ణవి. జమ్మలమడుగు పిల్ల, డిగ్రీ చదువుతూ యూనివర్సిటీకి సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. మూడూళ్లలో ఆట నియమాలు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది ఆమె ఒక్కతే.

స్కోరు సమానం. ఆఖరి వంతు. అజ్మతుల్లా కొట్టిన బంతి పోయి కంపచెట్లలో పడింది. బ్యాటు చేతబట్టుకునే పరుగెత్తాడు. మూడు సంచులూ తొక్కాడు. హోమ్ దగ్గరికి వచ్చేసరికి బంతి కూడా వచ్చేసింది. అప్పుడు ఇరవై ఏళ్ల క్రికెట్ అతని ఒళ్లు వంచింది. కాలు వేయాల్సిన చోట బ్యాటు చాపాడు. బ్యాటు కొన సున్నం మీద సర్రున జారింది. కాలు ఇంకా అడుగు దూరంలో ఉండగానే పులివెందుల కుర్రాడు బంతితో అతని వీపు తాకాడు.

"అవుట్," అంది వైష్ణవి. "కాలు పడలేదన్నా. బ్యాటు తాకితే లెక్కలేదు. ఇదో, గీత సూడు."

సున్నంలో జానెడు గీత, ఎవరు చూసినా తెలిసేంత స్పష్టంగా. జనం గుమిగూడేలోపు అజ్మతుల్లా దాని మీద బూటు పెట్టి తిప్పాడు. వైష్ణవి చూస్తూనే ఉంది. ఆమె మొహంలోకి చూస్తూనే అన్నాడు:

"యాడుండాది గీత? కాలు పెట్టినా. బూటుకు సున్నం కనపళ్లేదా?"

నిజమే, బూటంతా సున్నం. కేకలు లేచాయి. "ఆడపిల్లకు ఆ వేగం యాడ అందుతాదిలే," అని పోటీలు పెట్టిన కమిటీ పెద్దమనిషి ఒకాయన తీర్పు తిప్పేశాడు. వైష్ణవి టోపీ తీసి చేత్తో పట్టుకుని గ్రౌండు దాటిపోయింది. ఆమెను మళ్లీ ఎవరూ అంపైరుగా పిలవలేదు. ప్రొద్దుటూరుకు కప్పొచ్చింది. ఆ జట్టు పుట్టి బుద్ధెరిగాక గెలిచింది అదొక్కటే.

"ఆ పరుగు కథ చెప్పు మామా," అని ఎవరైనా అడిగితే అజ్మతుల్లా మిషను మీదికి వంగిపోయేవాడు. జనం దాన్ని అణకువ అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

పదేళ్లయింది. రిటైరైన రామమోహన్ సారు జట్టు చరిత్ర పుస్తకం వేస్తున్నాడు. డీటీపీ కాగితాలు తెచ్చి షాపులోనే గట్టిగా చదివాడు. "అంపైరు వైష్ణవి తప్పుడు తీర్పు ఇచ్చినా, న్యాయం గెలిచి మన అజ్మతుల్లా పరుగు నిలిచింది." చదివి, మెచ్చుకుంటాడేమోనని చూశాడు.

అజ్మతుల్లా చేతిలో కత్తెర అట్లే ఆగిపోయింది. ఇన్నాళ్లూ నోటిమాట. రేపటి నుంచి అచ్చు. ఆ పిల్ల పేరుతో సహా.

మర్నాడు జమ్మలమడుగు బస్సెక్కాడు. వైష్ణవి అక్కడొక బడిలో ఆటల టీచరు. గ్రౌండులో పిల్లలతో ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

"ఆ బ్యాటన్న కదా నువ్వు!"

"గీత నేనే చెరిపినా పాపా," అన్నాడు తల దించుకుని.

"నాకెందుకు చెప్తాండావన్నా? నేను ఆన్నే నిలబడి చూస్తి కదా. తెలీనోళ్లకు చెప్పు."

అంతే. విజిలు నోట్లో పెట్టుకుని పిల్లల వైపు తిరిగింది. ‘పోనీలే అన్నా’ అని ఆమె చేత అనిపించుకుని తేలిగ్గా ఇంటికి పోదామనే తాను బస్సెక్కాడని అజ్మతుల్లాకు అప్పుడు తెలిసింది. చేసిన పని కన్నా ఆ ఆశకే ఎక్కువ సిగ్గేసింది.

తిరిగొచ్చి సారుకు చెప్పాడు. ఆయన డీటీపీ కాగితాలు ముందరికి లాక్కున్నాడు.

"ఇప్పుడెందుకప్పా తవ్వేది? ఉండేదే ఒక్క కప్పు. అదీ లేదంటే ఇంగ ఏం చరిత్ర రాయాల?"

"జరిగింది రాయండి సార్."

"నా చేత కాదు. నువ్వే పోయి రాయించుకో," అని కాగితాలు అతని మీదికి తోసి మొహం తిప్పుకున్నాడు.

డీటీపీ షాపు ఉదయ్‌కిరణ్‌ది. అజ్మతుల్లా నిలబడే చెప్పాడు, అతను టైపు చేశాడు. అంపైరు తీర్పే సరైనది. కాలు పడలేదు. సున్నం మీది బ్యాటు గీతను బూటుతో చెరిపేశారు. అక్కడ ఉదయ్‌కిరణ్ వేళ్లు ఆగాయి.

"చెరిపింది ఎవరని పెట్టాల మామా? ‘మన ఆటగాడొకరు’ అని పెడదామా? మర్యాదగా ఉంటాది."

ఎంత మెత్తటి మాట! దాని వెనక హాయిగా కూర్చోవచ్చు. అజ్మతుల్లాకు నాలుక చివరి దాకా వచ్చింది, అట్లే పెట్టమని. వచ్చినందుకు చెవులు కాలాయి.

"పేరు పెట్టు," అన్నాడు. "టైలరని కూడా పెట్టు. ఊర్లో ఇంకా ఇద్దరు ముగ్గురు అజ్మతుల్లాలు ఉండారు."

ఉదయ్‌కిరణ్ అతని మొహం వైపు చూడకుండా టైపు చేశాడు.