బావ ఎంచిన టైర్లు

టైర్ల షాపులో ఆ రోజు నాకు కుర్చీ వేశారు, కూల్‌డ్రింక్ ఇచ్చారు, ఫ్యాను నా వైపు తిప్పారు. నాతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బండి నాది. నేను పశువుల డాక్టర్ని. హసన్‌పర్తి దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్లలో బర్రెలకూ మేకలకూ వైద్యం చేసి, ఆ సంపాదనతో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న చిన్న జీపు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే రకం. పొట్టిగా, ఇరుకుగా ఉంటుంది కాబట్టి పొలాల మధ్య బాటల్లో కూడా దూరిపోతుంది. దాని టైర్లు అరిగిపోయాయి. అరగకముందు కూడా అవి వాన పడ్డ నల్లరేగడిలో నిలిచేవి కావు. అందుకని వానాకాలం రాకముందే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాలనుకున్నాను. తారు రోడ్డు మీద మర్యాదగా నడుస్తూ, బురదలో దిగితే పట్టు వదలనివి.

ఏం కావాలో నాకు బాగా తెలుసు. చదివాను, ఇలాంటి బండే నడిపేవాళ్లను అడిగాను. వెడల్పు పెరగకూడదు, బండితో వచ్చిన సైజే ఉండాలి. రబ్బరు దిమ్మెల మధ్య సందులు ఎడంగా ఉండాలి, అంటుకున్న మన్ను చక్రం తిరుగుతుంటే దానంతటదే రాలిపోవాలి. తుమ్మముళ్లకు తట్టుకునేలా పక్కలు గట్టిగా ఉండాలి. ఇంతే నా కోరిక.

మా ఆయనకు బండి నడపడం రాదు. సలహా ఇవ్వడం వచ్చు.

"అన్నను తోల్కపో. షాపాయన మనోడే. ఆడోళ్లు ఒక్కలే పోతే ఏదో ఒకటి అంటగడ్తరు" అన్నాడు.

ఆ అన్న, అంటే నాకు బావ, వరంగల్‌లో బట్టల దుకాణం నడుపుతాడు. చీర అంచు వేళ్లతో తడిమి అది ఎక్కడ నేసిందో చెప్పగలడు. టైర్ల గురించి ఆయనకు తెలిసిందల్లా అవి గుండ్రంగా ఉంటాయని.

ఇక ఆ 'మనోడు' అన్న మాట ఉంది చూశారూ, దానంత చేటు చేసే మాట మరొకటి లేదు. బయటివాడి దుకాణంలోనైతే వస్తువును తిప్పి చూస్తాం, నిలదీస్తాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. మనోడి దుకాణంలో ప్రశ్న అడిగితే అవమానించినట్టే. ఆయన చాయ్ తెప్పిస్తాడు, పిల్లల చదువులు అడుగుతాడు, తనకు తోచింది మనకు తగిలిస్తాడు. మనం దండం పెట్టి ఇంటికి వస్తాం.

నాకు కావలసిన సైజు నేను చెప్పాను. షాపాయన బావ వైపు తిరిగి జవాబిచ్చాడు.

"అన్నా, గా సన్న టైర్లేస్తే బండి బక్కగ కనవడ్తది. జర వెడల్పుయి వేస్కోర్రి. లుక్కే మారిపోతది."

"గట్లనే ఎయ్యి" అన్నాడు బావ.

"బావా, వెడల్పు ఎక్కువైతే మడ్‌గార్డుకు తగుల్తయి. మధ్యల మన్ను ఇరుక్కుంటది" అన్నాను.

"ఏం గాదు మేడం, మస్తు బండ్లకు వేసినం." మేడం అన్నది నన్నే, కానీ చూపు బావ మీదే ఉంది.

"నువ్వు ఫికర్ చెయ్యకమ్మా. ఆయన రోజు గిదే పని చేస్తాండు" అన్నాడు బావ.

ఎంత ముద్దుగా అన్నాడో ఆ 'అమ్మా'! చేతిలోని సీసా నేలకేసి కొట్టాలనిపించింది. నలుగురిలో ఇంటి పెద్ద మాట తీసెయ్యలేక పళ్లు కొరుక్కుని కూర్చున్నాను.

టైర్లు బిగించాక పూజ. కొత్త బండికి చేసినట్టే కొత్త టైర్లకూ చేయాలని బావ పట్టుబట్టాడు. పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ. హారతి పళ్లెం నా చేతిలో పెట్టి, నా చేతిలోని తాళంచెవి తీసుకున్నాడు. మొదట ఇంటి పెద్ద నడపాలట. నిమ్మకాయలు చితికాయి. జీపు నున్నటి రోడ్డు మీద తిన్నగా ముందుకు పోయి, తిన్నగా వెనక్కి వచ్చింది.

"మక్కన్ లెక్క పోతాంది" అన్నాడు బావ దిగుతూ.

స్టీరింగ్ ఒక్కసారి కూడా పూర్తిగా తిప్పలేదు. నిమ్మకాయల మీదుగా పోవడమే బండికి పరీక్ష అనుకున్నారు. అక్కడున్న వాళ్లంతా తృప్తిగా తలలూపారు.

ఇంటికి వస్తుంటే హన్మకొండలో యూటర్న్ తీసుకునే చోట ముందు చక్రం మడ్‌గార్డుకు రాసుకుని బర్రుమంది. బావకు ఫోన్ చేశాను. "కొత్తయి గదా, జర అరిగితే సెట్ అయితది" అన్నాడు. షాపాయనకు చేస్తే, అన్నతో మాట్లాడతానన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేలోపే వాన పట్టుకుంది.

అలాంటి వానలో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. కూలికి పోయే ఒకామె. ఇంటికి ఉన్నది ఒక్కటే బర్రె.

"డాక్టరమ్మా, బర్రె నొప్పులు తీస్తాంది. దుడ్డె కాళ్లు కనవడ్తానయి, తల వస్తలేదు. జెల్ది రా."

తల లోపల వెనక్కి మడుచుకుపోయిందన్నమాట. వేళకు చేరితే చెయ్యి పెట్టి సరిచేయవచ్చు. ఆలస్యమైతే దూడ దక్కదు, ఒక్కోసారి తల్లి కూడా దక్కదు.

కాలువ గట్టు దాకా బాగానే పోయాను. అక్కడ దిగి పత్తిచేల మధ్య బాటలోకి మలుపు తిరగాలి, స్టీరింగ్ చివరి దాకా తిప్పితే తప్ప బండి మళ్లదు. తిప్పాను. నల్లమన్ను ముద్దలు ముద్దలుగా టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రం బిగుసుకుపోయింది. పట్టు జారి కాదు, తిరగడానికి చోటు లేక ఆగిపోయింది. దిగి చేత్తో పీకాను. పీకి కొంచెం కదిలిస్తే మళ్లీ అంత మన్ను. ఆమె ఇంటి రేకుల కప్పు చేల అవతల కనిపిస్తూనే ఉంది. బావను తిట్టాను, షాపాయనను తిట్టాను, మా ఆయనను తిట్టాను, నిమ్మకాయలను కూడా వదల్లేదు. తర్వాత చెప్పులు బండిలో పడేసి, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాను. రేగడిలో అడుగు తీసి అడుగు వేయడం ఎంతసేపో నడిచినవాళ్లకే తెలుసు.

నేను చెయ్యి పెట్టేసరికి దుడ్డె నాలుక చల్లగా తగిలింది. ఇద్దరం కలిసి బయటికి లాగాం. బర్రె మాత్రం దక్కింది. దుడ్డె కోసం ఆమె కొత్త పలుపుతాడు పేని గుంజకు కట్టి ఉంచింది. ఆ తాడు వైపు చూడకుండా చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీది బురద కడిగింది. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

ఆమె కూడా గట్టు దాకా వచ్చి చూస్తుండగా ట్రాక్టరుతో లాగించుకుని, బురద కూడా కడగకుండా బండిని తీసుకుపోయి షాపు ముందు పెట్టాను.

"అన్న రాలేదా మేడం?"

"బండి అన్నది కాదు, నాది. ఇవి ఊడదియ్యి. నేను చెప్పిన సైజు ఎయ్యి."

"ఒక్కసారి వాడినంక వాపస్ తీస్కోం మేడం. అన్నకు ఒక మాట చెప్పుర్రి."

"చచ్చిన దుడ్డెను వాపస్ తెస్తవా నువ్వు?" అని అరిచాను. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఆ బర్రుమనే చప్పుడు షాపులో ఉన్న గిరాకీలందరికీ వినిపించాను. షాపాయన జాకీ అందుకున్నాడు, బావకు ఫోన్ కూడా చేశాడు. బావ ఆదరాబాదరాగా వచ్చాడు.

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తానవు గదమ్మా!"

"నా బండి గురించి ఇగ మీరు మాట్లాడకుర్రి బావా" అన్నాను.

కొత్తవి బిగించాక స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి పెట్టి చూశాను. పట్టింది. షాపాయన అలవాటుగా నిమ్మకాయలు తెచ్చాడు. వద్దన్నాను.

మళ్లీ గట్టి వాన పడ్డాక, బర్రెను చూడటానికి ఆమె ఇంటికి పోయాను. ఆ మలుపులో జీపు ఒక్కసారి కూడా తడబడలేదు. నేరుగా ఇంటి ముందు ఆపాను. ఆమె బయటికి వచ్చి చక్రాల వైపు చూసింది.

"మొన్నటియే మంచిగుండె గదమ్మా, పెద్దగ. ఎందుకు తీపిచ్చినవ్?"

"అవి ఇక్కడిదాక రాలేదు గదా. ఇవి వచ్చినయి."

ఆమె వంగి టైరు మీద చెయ్యేసి చూసింది. గుంజకు ఆ పలుపు ఇంకా అలాగే వేలాడుతోంది.

"మరి ముందుగాల్నే ఇవి ఏపియ్యకపోతివా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. తెలియక అడిగింది. సమాధానం కోసం ఆగకుండా లోపలికి పోయి, మొన్నటిలాగే నా కాళ్లకు చెంబుతో నీళ్లు తెచ్చింది. నా కాళ్లకు బురద లేదు.